బహుదా మొగ దాటేముందు పోటు లెక్క

ఒడిశాలోని గంజాం తీరంలో రోజుకు రెండు పోట్లు (నీరు ఎక్కడం), రెండు పాట్లు (నీరు దిగడం). ఒక పోటు నుంచి మరో పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

అమావాస్యనాడు మీ రేవులో పోటు నిండిన వేళ రాసుకోండి. అది ఉదయం 9 అయితే, నాలుగు రోజుల తర్వాతి పోటుకు 4×50, అంటే 3 గంటల 20 నిమిషాలు కలపండి: మధ్యాహ్నం 12:20. ఇది ఉజ్జాయింపే. అసలు పట్టిక హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. అందులో సమయం మనదా, గ్రీన్‌విచ్‌దా చూడండి, తేడా ఐదున్నర గంటలు!

నీరు ఒకే వేగంతో ఎక్కదు. ఆరు గంటల్లో తొలి గంట పన్నెండో వంతే. మూడు, నాలుగో గంటల్లో కలిపి సగం. పెద్ద పోటు సాధారణంగా పౌర్ణమి, అమావాస్యలకు ఒకటి రెండు రోజుల తర్వాత. అష్టమి దాటాక చిన్నది.

సోనాపూర్ దగ్గర బహుదా ఏరు సముద్రంలో కలిసే మొగలో పడవ దాటాలంటే పోటు ఎక్కుతున్నప్పుడే మేలు. పాటులో ఏటి నీరు బయటికి తోస్తుంటే, ఎదురొచ్చే అల నిటారుగా లేచి ఇసుక దిబ్బ మీద విరుగుతుంది. పడవలు బోల్తా పడేది అక్కడే. దిబ్బ వానాకాలంలో చోటు మారుతుంది, పాత దారిని నమ్మకండి. వాయుగుండం ఉంటే పట్టికనూ పక్కన పెట్టండి: పీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సుమారు సెంటీమీటరు లేస్తుంది, గాలి తోపు అదనం.