పన్ను పుచ్చుతోందా? వేపపుల్ల ఎక్కడిదాకా పనిచేస్తుంది, లవంగం ఎక్కడ ఆగిపోతుంది

పన్నును తినేది పురుగు కాదు. నోట్లోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కన్నా తగ్గితే పంటి గట్టి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. ఆ నష్టాన్ని సర్దడానికి లాలాజలానికి అరగంట నుంచి గంట పడుతుంది.

చిగురు అంచున సుద్దలాంటి తెల్ల మచ్చ

పుచ్చులో తొలి దశ ఇది. వెనక్కి తిప్పగలిగేదీ ఈ దశలోనే. పన్ను తుడిచి ఆరనిస్తే మచ్చ స్పష్టంగా కనిపిస్తుంది. తీపి ఎంత తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నదే ఇక్కడ ముఖ్యం. ఇరానీ చాయ్ ఒక్కసారి తాగి లేస్తే పళ్లు తట్టుకుంటాయి. ఉస్మానియా బిస్కెట్ ముంచుకుంటూ గంటకోసారి తాగితే వాటికి కోలుకునే టైమే దొరకదు.

చాయ్‌ని టిఫిన్, భోజనాల వేళకు జరిపి, తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించండి. రాత్రి ఎనామిల్‌ను గట్టిపరిచే ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో 2 నిమిషాలు తోమి నురగ ఉమ్మేయండి, ఆపై నీళ్లతో కడగొద్దు. 3 ఏళ్ల లోపు పిల్లలకు బియ్యపు గింజంత, 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకు బఠాణీ గింజంత పేస్టు చాలు.

చిన్నతనం నల్లగొండ వైపు గడిపి, మచ్చలు కుడిఎడమల ఒకే తీరుగా ఉంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు. చిన్నప్పుడు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ మరీ ఎక్కువై వచ్చిన మచ్చలవి, ఎంత తోమినా పోవు.

రోజూ వేపపుల్ల వేస్తున్నా సందుల్లో పుచ్చు

పుల్ల పన్ను ముఖాన్ని బాగా శుభ్రం చేస్తుంది, చిగుళ్లకూ మంచిదే. కానీ రెండు పళ్ల మధ్యకు వెళ్లదు, అందులో ఫ్లోరైడ్ కూడా ఉండదు. చిటికెన వేలంత లావు, జానెడు పొడవున్న లేత పుల్ల తీసుకుని కడగండి. రోడ్డు పక్క చెట్టుదైతే దుమ్ము పోయేలా రుద్ది మరీ కడగాలి. చివర అరంగుళం నమిలి కుంచెలా చేసి, చిగురు నుంచి పన్ను అంచువైపు తోమండి. అడ్డంగా రాపాడిస్తే చిగురు పన్ను నుంచి వెనక్కి జారుతుంది. మర్నాటికి ఆ కొస కోసేయండి. పొద్దున పుల్ల, రాత్రి పేస్టు, సందులకు ఫ్లాస్ దారం అని పంచుకుంటే సరిపోతుంది. మూలికల పేస్టుల్లో చాలావాటికి ఫ్లోరైడ్ ఉండదు, కొనేముందు డబ్బా మీద చూడండి.

నువ్వుల నూనె పుక్కిలింతను పేస్టుకు బదులుగా అనుకోవద్దు. చేస్తానంటే ఒక పెద్ద చెంచా నూనె, 10 నిమిషాలు చాలు. ఉమ్మేది చెత్తబుట్టలోకి, సింకులో పోస్తే పైపు జామవుతుంది.

చల్లనివి, తీపివి తగిలితే జివ్వుమనడం

బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు, నిమ్మరసం వాడుతున్నారా? ముందు అవి ఆపండి. మొదటి మూడూ ఎనామిల్‌ను గీస్తాయి, నిమ్మరసం కరిగిస్తుంది. మెత్తటి బ్రష్, పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు కొన్ని వారాలు వాడి చూడండి. ఒక్క పన్నులోనే జివ్వుమంటుంటే పుచ్చు లోతుకు దిగిందేమో చూపించాలి.

గుంట పడి అన్నం మెతుకులు ఇరుక్కోవడం

ఏ ఆకూ ఏ పొడీ గుంటను పూడ్చదు. ఫిల్లింగే.

రాత్రిళ్లు పోటు

నరం దాకా వెళ్లిందన్నమాట. ఒక చుక్క లవంగ నూనెను నాలుగైదు చుక్కల కొబ్బరి నూనెలో కలిపి, దూదితో పన్ను మీద అద్దండి. లవంగంలోని యూజెనాల్ అనే పదార్థం కాసేపు తిమ్మిరి ఇస్తుంది. నూనె నేరుగా పూస్తే చిగురు కాలుతుంది, చిన్నపిల్లలకు అసలు వద్దు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలిస్తే వాపు కొంత తగ్గుతుంది. పోటు ఆగింది కదా అని వదిలేయొద్దు. ఒక్కోసారి నరం చచ్చిపోయి కూడా నొప్పి ఆగుతుంది, చీము మాత్రం వేరు కింద చేరుతూనే ఉంటుంది. రూట్ కెనాలా (పన్ను లోపలి నరం తీసి శుభ్రం చేసి పూడ్చడం), పన్ను తీయడమా అన్నది ఎక్స్‌రే చూసి డాక్టర్ తేలుస్తారు. హైదరాబాద్‌లోని అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది.

దవడ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఇంటి వైద్యం ఆపి, ఆ గంటలోనే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి.