జాయింట్ రీకాల్ అని తెలిస్తే లారీవాళ్లు ఏం చెయ్యాలె

మిర్యాలగూడల లారీ మెకానిక్‌ను. నా దగ్గరికొచ్చేవి ఎక్కువ బియ్యం లారీలు, వాడపల్లి సిమెంటు లారీలు. ఈడ జాయింట్ అంటే, గేర్‌బాక్సు నుంచి ఎనక టైర్లను తిప్పే పొడుగు షాఫ్టుకుండే క్రాస్ జాయింట్. రీకాల్ అనంగనే బండి గుంజుకపోతరని భయపడకు అన్నా. తయారీల వచ్చిన లోపాన్ని కంపెనే ఉచితంగ బాగుచేసిస్తది. లోపమున్న బండ్లను వాపసు పిలిపించే అధికారం సర్కారుకు 2019 చట్ట సవరణల, 110ఏ సెక్షన్ కింద వచ్చింది.

ఆర్‌సీల ఛాసిస్ నంబరు చూడు, 17 అక్షరాలు, అంకెలుంటయి. అది షోరూం సర్వీసుల చెప్పి అడుగు. సెకండ్ హ్యాండ్ బండైతే తప్పకుండ అడగాలె. కంపెనీ పంపిన రీకాల్ ఉత్తరం పాత ఓనరు ఇంటికి పోయి ఉండొచ్చు.

వంతు వచ్చేదాక బండిని గమనించు. స్పీడ్‌గ పోతుంటే బండి కింద అదురుతున్నదా? క్లచ్ వదలంగనే టక్కుమంటున్నదా? క్రాస్ కాడ తుప్పు పొడి రాలుతున్నదా? వీటిల ఒక్కటి కనవడ్డా లోడ్ ఎయ్యకు. నడుస్తుండంగ ముందు జాయింట్ తెగితే షాఫ్టు రోడ్డుకు తన్ని బండినే ఎగరేస్తది, గాలి పైపులను కొడితే బ్రేకులకే ముప్పు. అసుంటి బండిని గేర్ల పెట్టి నిలిపినా ఆగదు, హ్యాండ్ బ్రేకు ఏసి టైర్ల కింద అడ్డం పెట్టాలె.

టోయింగ్ చేసేటప్పుడు ఎనక టైర్లు నేల మీదుంటే షాఫ్టు జాయింట్ ఊడదీపియ్యాలె. ఇంజన్ ఆగి ఉంటే గేర్‌బాక్సుల ఆయిల్ సరిగ తిరగది, లోపల కాలిపోతది. చానామంది దీన్ని మరుస్తరు.

పనైనంక జాబ్ కార్డు మీద ఛాసిస్ నంబరు, మార్చిన సామాను, తారీఖు రాయించుకొని ఆర్‌సీతోనే పెట్టుకో.