ప్రైవేటు బడిలో 25 శాతం ఉచిత సీటు: దరఖాస్తు నుంచి ఫిర్యాదు దాకా

ఈ సీట్లకు తీసే లాటరీలో పేరు రావడం మన చేతిలో లేదు. దానికి ముందు సిద్ధం చేసుకునే కాగితాలు, పేరు వచ్చాక బడి ఆఫీసు గదిలో జరిగే మాటలు మాత్రం మన చేతిలోనే ఉన్నాయి. రావాల్సిన సీటు చేజారేది ఈ రెండు చోట్లే. ఇక్కడ చెప్పేది ఆంధ్రప్రదేశ్ పద్ధతి. చట్టం దేశమంతటికీ ఒకటే అయినా అమలు రాష్ట్రాల చేతిలో ఉంది. అందుకే తెలంగాణలో ఈ సీట్ల కోసం తల్లిదండ్రులు ఏళ్ల తరబడి హైకోర్టు వైపు చూడాల్సి వచ్చింది.

విద్యాహక్కు చట్టం 2009లో పార్లమెంటులో నెగ్గి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సాయం తీసుకోని ప్రైవేటు బడి కూడా ఒకటో తరగతి సీట్లలో కనీసం 25 శాతం చుట్టుపక్కల పేద, అణగారిన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఉచితంగా చదివించాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీ పద్ధతిలో ఇది 2022-23 విద్యా సంవత్సరం నుంచి నడుస్తోంది.

ఎవరికి ఎన్ని సీట్లు

మొత్తం సీట్లలో అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 4 శాతం, బీసీ, మైనారిటీ, ఓసీల్లోని పేదలకు 6 శాతం. ఒకటో తరగతిలో 40 సీట్లున్న బడిని తీసుకోండి. 25 శాతం అంటే 10 సీట్లు. వాటిలో అనాథలు, దివ్యాంగుల వర్గానికి 2, ఎస్సీలకు 4 కచ్చితంగా వస్తాయి. ఎస్టీలకు 1.6, పేద వర్గాలకు 2.4 వస్తుంది. సీటును ముక్కలు చేయలేం కాబట్టి ఆ మిగులు ఎటు సర్దారన్నది అడిగి తెలుసుకోవాల్సిన విషయం. బడి చిన్నదైతే ఆ ఒక్క సీటే ఒక వర్గం మొత్తానికి ఉన్న సీటు కావచ్చు.

పేద వర్గాల కోటాకు ఏడాది ఆదాయ పరిమితి గ్రామాల్లో 1.20 లక్షలు, పట్టణాల్లో 1.44 లక్షలు. వయసు విషయంలో ఎక్కువమంది తడబడతారు. ఒకటో తరగతికి 5 ఏళ్లు నిండాలి. అయితే ఏ తేదీ నాటికి నిండాలన్నది బడి సిలబస్‌ను బట్టి మారుతుంది. సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ బళ్లకు ఏప్రిల్ మొదలు, స్టేట్ సిలబస్ బళ్లకు జూన్ మొదలు లెక్క. మే నెలలో పుట్టిన బిడ్డకు స్టేట్ సిలబస్ బడిలో అర్హత ఉండి, పక్క వీధిలోని సీబీఎస్‌ఈ బడిలో లేకపోవచ్చు. ఆ ఏటి నోటిఫికేషన్‌లో ఇచ్చిన పుట్టిన తేదీల పరిధిని చూసి, దాన్ని బట్టి బళ్ల జాబితా వేసుకోండి.

ముందుగా సరిచూసుకోవాల్సినవి

నోటిఫికేషన్ ఏటా ఒకే తేదీకి రాదు. ఎక్కువగా మార్చి, మే నెలల మధ్య వస్తుంది. వచ్చాక గడువు కొద్ది రోజులే ఉంటుంది. ఆధార్‌లో తప్పు దిద్దించుకోవడానికి ఆ కొద్ది రోజులు చాలవు. కాబట్టి ఈ పని జనవరిలోనే మొదలుపెట్టండి.

అన్ని కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పరిచి మూడు విషయాలు చూడండి. బిడ్డ పేరు, ఇంటిపేరు అన్నిటిలో ఒకేలా ఉందా? పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలోనూ ఆధార్‌లోనూ ఒకటేనా? ఇంటి చిరునామా ప్రస్తుతం ఉంటున్న చోటిదేనా? మూడోదే పెద్ద చిక్కు. పని కోసం విజయవాడ వచ్చి అద్దెకుంటున్న కుటుంబానికి ఆధార్ మాత్రం సొంతూరి చిరునామాతోనే ఉంటుంది. గ్రామ, వార్డు సచివాలయం లెక్కల్లోనూ ఆ కుటుంబం ఆ ఊళ్లోనే ఉంటుంది. ఇంటికీ బడికీ దూరం చూసేటప్పుడు ఈ దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. నివాసానికి ఆధార్ ఒక్కటే రుజువు కాదు. ఓటరు కార్డు, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం కాపీ కూడా చెల్లుతాయి. అద్దె ఇంట్లో ఉంటే ఇంటి యజమానితో ఒప్పంద పత్రం ముందే రాయించుకోండి. సచివాలయంలో కుటుంబ వివరాలు ఇప్పుడుంటున్న వార్డుకు మార్పించుకోండి.

కుల, ఆదాయ ధ్రువపత్రాలకు కూడా అప్పుడే దరఖాస్తు పెట్టండి. దివ్యాంగుల కోటాకైతే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కావాలి. దాని శిబిరం తేదీ దొరకడానికే సమయం పడుతుంది.

వయసు ధ్రువపత్రం లేదని ఏ బడీ బిడ్డను చేర్చుకోకుండా ఉండకూడదని చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. కానీ వివరాలు సరిపోలని దరఖాస్తును ఆన్‌లైన్ వ్యవస్థ ముందుకు కదలనివ్వదు. హక్కు ఉంది కదా అని కాగితం మానేయకండి.

బడిని ఎంచుకోవడం, దరఖాస్తు

పాఠశాల విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే పెట్టుకోవచ్చు. లేదంటే సచివాలయం, మండల విద్యాశాఖాధికారి కార్యాలయం, మీసేవ, ఇంటర్నెట్ సెంటర్ ఏదైనా సరే. సెంటర్‌కు వెళితే మీ సొంత ఫోన్ నంబరే ఇవ్వండి. హడావుడిలో సెంటర్ వాళ్ల నంబరు పెడితే లాటరీ మెసేజ్ వాళ్లకు వెళ్తుంది, చేరే గడువు మీకు తెలియకుండానే దాటిపోతుంది.

సీట్ల కేటాయింపులో ముందు కిలోమీటరు లోపు ఇళ్ల పిల్లలను, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లను చూస్తారు. పేరున్న బడి అని దూరంగా ఉన్నదాన్ని మొదట పెడితే అవకాశం తగ్గుతుంది. పైగా బస్సు ఖర్చు మీ మీద పడుతుందనే లెక్క వేసుకోండి. నడిచి వెళ్లే దూరంలో ఉన్న బడే ఈ సీటుకు సరైన బడి.

ఎంచుకునే ముందు అది మైనారిటీ విద్యాసంస్థ కాదని నిర్ధారించుకోండి. 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఈ 25 శాతం నిబంధనను ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో సమర్థించింది, మూడో న్యాయమూర్తి విభేదించారు. సాయం పొందని మైనారిటీ బళ్లకు మాత్రం ఆ తీర్పులోనే మినహాయింపు ఇచ్చింది. 2014 మేలో ప్రమతి ట్రస్టు కేసులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం మైనారిటీ బళ్లన్నిటినీ ఈ చట్టం పరిధి నుంచి తప్పించింది. ఆ తీర్పు సరైనదేనా అన్న సందేహం 2025లో మళ్లీ సుప్రీంకోర్టు ముందుకే వచ్చింది. తేలేదాకా ఆ బళ్ల పేర్లు రాసి ఒక ఐచ్ఛికం వృథా చేసుకోవద్దు.

సబ్మిట్ కొట్టే ముందు ప్రింటు తీసి పుట్టిన తేదీ, కేటగిరీ, చిరునామా మరోసారి చదవండి. దరఖాస్తు సంఖ్య ఉన్న కాగితాన్ని ఫోటో తీసి పెట్టుకోండి.

పేరు వచ్చాక

గడువు తేదీ దాకా ఆగకుండా మర్నాడే ఒరిజినల్స్, రెండు జతల జిరాక్సులతో బడికి వెళ్లండి. బిడ్డ చేరినట్టు బడి తన లాగిన్‌లో నమోదు చేసిందో లేదో కనుక్కోండి. అడ్మిషన్ నంబరు రాసివ్వమనండి. “రేపు చేస్తాం” అన్న మాట మీద ఇంటికొస్తే, గడువు దాటాక రికార్డులో “హాజరు కాలేదు” అని పడే ప్రమాదం ఉంది.

బడి చెప్పే సాకులు నాలుగైదు రకాలే. ఒకటి, పరీక్ష పెడతాం, తల్లిదండ్రులతో మాట్లాడతాం అనడం. 13వ సెక్షన్ ప్రకారం వడపోత నిషేధం. మొదటిసారి తప్పుకు 25 వేల దాకా, తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. డొనేషన్ అడిగితే ఆ మొత్తానికి పది రెట్ల దాకా. రెండోది, ఈ పిల్లలకు వేరే సెక్షన్, వేరే సమయం అనడం. ఇదీ కుదరదు. తరగతిలోనూ, పుస్తకాలు, లైబ్రరీ, ఆటల్లోనూ తేడా చూపకూడదని నిబంధనలు చెబుతున్నాయి.

అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది, “ప్రభుత్వం మాకు డబ్బు ఇవ్వలేదు, మీరు కట్టండి” అన్న మాట. దీని వెనక నిజమైన తగాదా ఉంది. 12(2) సెక్షన్ ప్రకారం ప్రభుత్వం తన బళ్లలో ఒక్కో బిడ్డకు పెట్టే ఖర్చు, ప్రైవేటు బడి ఫీజు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది బడికి చెల్లించాలి. ఆంధ్రప్రదేశ్ మొదట ఖరారు చేసిన రేటు ఏడాదికి పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 రూపాయలు. ఇది తమ ఖర్చుకు చాలదని యాజమాన్యాలు అంటాయి. ఆ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. పైగా పిల్లల చదువుకని తల్లి ఖాతాలో ప్రభుత్వం వేసిన అమ్మఒడి డబ్బులోంచి తల్లిదండ్రులే ఆ ఫీజు బడికి కట్టాలని అప్పట్లో ఉత్తర్వులు వచ్చాయి. ఉచితం అన్న సీటుకు తల్లి ఖాతాలోంచి డబ్బు తీయించడం చట్టం ఉద్దేశానికి ఎదురు నడకే. ఏమైనా రేటు తగాదా యాజమాన్యానికీ ప్రభుత్వానికీ మధ్యది. దాన్ని సాకుగా చూపి బిడ్డను ఆపకూడదు. డబ్బు కట్టక తప్పని పరిస్థితి వస్తే రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దేనికి కడుతున్నారో రసీదు మీద రాయించండి.

ఫిర్యాదు ఎలా రాయాలి

నోటి మాటతో వాదించి ప్రయోజనం లేదు. అదే రోజు మండల విద్యాశాఖాధికారికి రాసి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇలా రాస్తే చాలు:

“నా కుమార్తె (పేరు), దరఖాస్తు సంఖ్య (…), విద్యాహక్కు చట్టం 12(1)(సి) కింద (బడి పేరు)లో ఒకటో తరగతి సీటు పొందింది. (తేదీ) ఉదయం 10 గంటలకు ఒరిజినల్ పత్రాలతో వెళ్లగా, (ఎవరు, ఏ హోదా) ‘(అన్న మాట ఉన్నదున్నట్టు)’ అని చెప్పి చేర్చుకోలేదు. కారణం రాసివ్వమని కోరినా ఇవ్వలేదు. 32వ సెక్షన్ కింద ఈ ఫిర్యాదు స్వీకరించి, గడువు ముగిసేలోగా ప్రవేశం కల్పించగలరు. జతచేసినవి: సీటు కేటాయింపు పత్రం, దరఖాస్తు ప్రింటు, ఆధార్ కాపీ.”

కోపం, విన్నపం, బడి మీద అభిప్రాయం ఇందులో వద్దు. తేదీ, సమయం, అన్న మాట ఉంటే అధికారి నోటీసు ఇవ్వడానికి సరిపోతుంది. వారంలో కదలిక లేకపోతే జిల్లా విద్యాశాఖాధికారికి, సోమవారం కలెక్టరేట్ ప్రజా ఫిర్యాదుల వేదికలో కలెక్టర్‌కు ఇవ్వండి. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. ఆ తర్వాత అప్పీలు రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. పిల్లలు, మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు దీనికి ఆదాయ పరిమితి లేదు. ఫోన్ నంబరు 15100.

సీట్ల లెక్క అడగాలంటే

“సీట్లు నిండాయి” అన్నప్పుడు సమాచార హక్కు చట్టం పనికొస్తుంది. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. ఫలానా బడిలో ఒకటో తరగతి మొత్తం సీట్లెన్ని, 25 శాతం కింద చూపినవి ఎన్ని, వర్గాల వారీగా నిండినవి ఎన్ని, దశాంశాలను ఎలా సర్దారు, “చేరలేదు” అని నమోదైనవారు ఎందరు అని విడివిడిగా అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. “ఎందుకు ఇవ్వలేదు” అని అడగొద్దు. రికార్డులో ఉన్నదే ఇస్తారు తప్ప సంజాయిషీ ఇవ్వరు.

ఆ లెక్క చేతికొచ్చాక ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లండి. సీటు ఇప్పించమని అడగడానికి కాదు, లాటరీలో సిఫారసు పనిచేయదు. తమ నియోజకవర్గంలో ఎన్ని సీట్లు మిగిలాయి, బళ్లకు బకాయి ఎంత అన్నది అసెంబ్లీలో ప్రశ్నగా వేయమనండి. సభలో మంత్రి ఇచ్చే జవాబు రికార్డులో మిగులుతుంది, తర్వాత కోర్టులోనూ చూపవచ్చు.

సిఫారసు ఉత్తరం కాలం కేంద్రీయ విద్యాలయాల్లోనూ ముగిసింది. ఒక్కో ఎంపీ ఏటా పదిమంది పిల్లల పేర్లు సూచించే కోటా మీద 2022 మార్చిలో లోక్‌సభలోనే చర్చ జరిగింది. పెంచండి, లేదంటే తీసేయండి అన్న వాదన వచ్చింది. ఏప్రిల్‌లో తీసేశారు. అక్కడా ఒకటో తరగతిలో 25 శాతం విద్యాహక్కు సీట్లున్నాయి. కానీ దరఖాస్తు కేవీల సొంత పోర్టల్‌లోనే, వయసు 6 ఏళ్లు నిండాలి. రాష్ట్ర లాటరీకి పెట్టిన దరఖాస్తు దీనికి చెల్లదు.

ఉచితం ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిదికి అదే బడి పూర్తి ఫీజు అడగొచ్చు. బిడ్డ ఏడులో ఉండగానే ఆ ఫీజు ఎంతో కనుక్కోండి. భరించలేమనిపిస్తే ఇంకా ముందే చూసుకోవాలి. గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో, నవోదయ పరీక్ష ఆరో తరగతి ప్రవేశానికి.