టెండరు వేసే ముందు మీ ఇంటిపేరు ఎక్కడెక్కడ ఎలా ఉందో చూసుకోండి

మాది అంబాజీపేట దగ్గర చిన్న కొబ్బరి పీచు యూనిట్. డొక్క కొని పీచు తీసి మ్యాట్లు, తాళ్లు చేస్తాం. ఏళ్ల తరబడి సరుకంతా షాపులవాళ్లకే వేసేవాళ్లం, వాళ్లు చెప్పిందే రేటు. ఆఫీసులు, హాస్టళ్లు మ్యాట్లు టెండర్లలో కొంటాయని తెలిసి ఒకరోజు నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఓ గంటసేపు టైపు కొట్టాక ఆ కుర్రాడు స్క్రీన్ నా వైపు తిప్పి "బాబాయ్ గారూ, ఇందులో మీరు ముగ్గురున్నారండి" అన్నాడు. నిజమే. ఆధార్‌లో ఇంటిపేరుకి పొడి అక్షరం, పాన్‌లో పూర్తి ఇంటిపేరు, బ్యాంకు పాసుపుస్తకంలో ఇంటిపేరు చివర. బిడ్ గడువేమో నాలుగు రోజులు. నా ముగ్గురూ ఒక్కడవడానికి నెలన్నర పట్టింది.

కాబట్టి టెండరు కంటపడ్డాక కాదు, ఇప్పుడే ఆ కాగితాలు మూడూ బల్లమీద పెట్టి అక్షరం అక్షరం చూడండి. పుట్టినతేదీ కూడా. మనవాళ్లలో చాలామందికి స్కూల్లో వేసిన తేదీ ఒకటి, అసలుది ఇంకొకటి. ఏది మార్చాలి అంటే, ఎక్కువ చోట్ల ఏ పేరు ఉందో అది ఉంచి మిగతాది మార్చుకోవడం తేలిక. కాకపోతే ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, తొందరపడి తప్పుగా మార్పించుకోవద్దు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మీ చేతిలోనే ఉండాలి, ఎందుకంటే అడుగడుగునా ఓటీపీలే. బ్యాంకు సంగతి ఇంకొకటి: మన వైపు చాలామందికి పాత ఆంధ్రా బ్యాంకు ఖాతాలే, అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పాత పాసుపుస్తకం చూసి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ కొట్టకండి.

పేర్లు కలిశాక ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న యూనిట్‌గా కేంద్ర ప్రభుత్వం దగ్గర పేరు నమోదు. 2020 జులై 1 నుంచి వచ్చింది, అంతకుముందు ఉద్యోగ్ ఆధార్ అనేవారు. రూపాయి ఖర్చు లేదు, కాగితాలు అప్‌లోడ్ చెయ్యక్కర్లేదు, ఆధార్, పాన్ ఉంటే అరగంట పని. గూగుల్‌లో వెతికితే మాత్రం అచ్చం గవర్నమెంటు సైటులా కనిపించే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, రెండు మూడు వేలు లాగుతాయి. అడ్రసు చివర జీఓవీ డాట్ ఇన్ లేకపోతే బయటికి వచ్చెయ్యండి. పెట్టుబడి రెండున్నర కోట్లు, టర్నోవర్ 10 కోట్లు దాటకపోతే మీరు మైక్రో (అతి చిన్న యూనిట్) కిందికే వస్తారు, అంటే డెల్టాలో ఉన్న పీచు యూనిట్లు, నర్సరీలు, లేసు పనివాళ్లు దాదాపు అందరూ.

ఈ ఫారంలో ఒక్కచోట మాత్రం ఆగి ఆలోచించండి. మీరు చేసేది తయారీయా, సర్వీసా, ట్రేడింగా అని అడుగుతుంది. నెట్ సెంటర్లో ఏదో ఒకటి నొక్కేస్తారు. సెంట్రల్ గవర్నమెంటు కొనుగోళ్లలో చిన్న యూనిట్లకి ఇచ్చే రాయితీలు తయారీదారులకీ సర్వీసు వాళ్లకీనే, కొని అమ్మేవాళ్లకి ఉండవు. మీరు సొంతంగా మ్యాట్ నేస్తూ కాగితంలో ట్రేడర్‌గా ఉంటే ఆ రాయితీ మీ చేతులారా వదులుకున్నట్టే. ఎన్ఐసీ కోడ్ (ఏ రకం పనో చెప్పే నంబరు) కూడా మీరు చేసే పనికి సరిపోయేది ఎంచుకోండి, ఒకటికంటే ఎక్కువ వేసుకోవచ్చు.

రాయితీ అంటే ఏమిటని అడుగుతారు. 2012 నుంచి ఉన్న పాలసీ ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ సంస్థలు ఏడాది కొనుగోళ్లలో 25 శాతం మైక్రో, స్మాల్ యూనిట్ల దగ్గర కొనాలి, అందులో ఎస్సీ, ఎస్టీలకి 4 శాతం, మహిళలకి 3 శాతం. మీకు ఈఎండీ, అంటే బిడ్‌తో పాటు పెట్టే ధరావతు, కట్టే పని ఉండదు. మీ రేటు ఎల్1 (అందరికన్నా తక్కువ వేసినవాళ్ల రేటు) కన్నా 15 శాతం లోపు ఎక్కువగా ఉన్నా ఎల్1 రేటుకి దిగి ఇస్తామంటే ఆర్డరులో వాటా వస్తుంది. రాజమండ్రిలో ఓఎన్‌జీసీ ఉంది కదా, అలాంటి సంస్థలకి వేసేటప్పుడు ఇది పనికొస్తుంది. కానీ ఈఎండీ మాఫీ అంటే మొత్తం మాఫీ అనుకోకండి, ఆర్డరు వచ్చాక పర్ఫార్మెన్స్ సెక్యూరిటీ (ఆర్డరు సరిగ్గా పూర్తి చేస్తామని పెట్టే హామీ డబ్బు) అడిగితే కట్టాల్సిందే.

జీఎస్టీ: సరుకు అమ్మకాలు 40 లక్షలు దాటకపోతే తప్పనిసరి కాదంటారు, ఆ మాట రాష్ట్రం లోపల అమ్ముకునేవాళ్లకి. పన్నున్న సరుకు రాష్ట్రం దాటి పంపాలంటే మామూలుగా మొదటి రూపాయి నుంచీ కావాలి. టెండర్లు వేసే ఉద్దేశం ఉంటే తీసేసుకోండి.

తర్వాత జెమ్, అంటే గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్. 2016లో మొదలైంది, సెంట్రల్ ఆఫీసులు అక్కడ దొరికేవన్నీ అక్కడే కొనాలి. సెల్లర్‌గా చేరేటప్పుడు ఈమెయిల్, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ మీవే పెట్టండి. నాకు ఖాతా తెరిచిపెట్టిన ఒకాయన తన మెయిలే ఇచ్చేసుకున్నాడు, ఆయన దుబాయ్ వెళ్లిపోయాక ఆ ఖాతా తెరవడానికి పడ్డ టెన్షన్ నాకే తెలుసు. ప్రొఫైల్ నింపి వదిలెయ్యకుండా కేటలాగ్ పెట్టాలి: మ్యాట్ పొడవు, వెడల్పు, మందం, బరువు, ఫొటోలు. టేపు పట్టి కొలిచి మరీ రాయండి. మీరు 15 మిల్లీమీటర్లు అని రాసి 12 పంపితే సరుకు వెనక్కి వస్తుంది, రానూపోనూ లారీ కిరాయి మీదే.

బిడ్ డాక్యుమెంటు తెరవగానే రేటు లెక్క వెయ్యకండి. ముందు అనుభవం, టర్నోవర్ దగ్గర చిన్న యూనిట్లకి మినహాయింపు ఉందో లేదో చూడండి, ఎస్ లేదా నో అని ఉంటుంది. నో అయితే అది పక్కన పెట్టెయ్యడమే. తర్వాత సరుకు ఎక్కడ దించాలో చూడండి. నా మొదటి బిడ్‌లో రేటంతా బాగా లెక్కేశాను, తీరా ఆరు ఊళ్లలో దించాలని ఆఖరి పేజీలో ఉంది.

కాలవ పనుల సంగతి వేరు. ఎండాకాలం డెల్టా కాలవలు కట్టేశాక పూడికలు, గుర్రపు డెక్క తీసే పనులకి టెండర్లు పడతాయి, వ్యవధి తక్కువ. వీటికి ఉద్యం సరిపోదు, కాంట్రాక్టరుగా క్లాసు రిజిస్ట్రేషన్ (ఎంత విలువ పనులు చెయ్యొచ్చో చెప్పేది) విడిగా ఉండాలి, పైన చెప్పిన 25 శాతం పాలసీ ఇలాంటి వర్క్స్‌కి వర్తించదు. రాష్ట్ర టెండర్లు ఏపీ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఉంటాయి, అక్కడ క్లాస్ 3 డిజిటల్ సిగ్నేచర్ కావాలి. సంతకానికీ, బిడ్‌ని రహస్యంగా ఉంచే ఎన్‌క్రిప్షన్‌కీ రెండూ కలిపి తీసుకోండి, దాని గడువు ఎప్పుడు ముగుస్తుందో గోడ క్యాలెండర్ మీద రాసుకోండి. బిడ్ ఆఖరి గంటలో అప్‌లోడ్ చేద్దామని కూర్చోకండి, వానాకాలంలో మన కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు.

డబ్బులు? సరుకు అందిందని అవతలివాళ్లు ఆన్‌లైన్‌లో ఒప్పుకున్న సర్టిఫికెట్ వచ్చేదాకా బిల్లు కదలదు, కాబట్టి దించిన రోజే సంతకం, సీలు ఉన్న చలానా తెచ్చుకోండి. సరుకు తీసుకుని 45 రోజులు దాటినా డబ్బు రాకపోతే ఎంఎస్ఎంఈ (చిన్న పరిశ్రమల) చట్టం కింద ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ కూడా అడగొచ్చు. కాంట్రాక్టు రెండున్నర లక్షలు దాటితే బిల్లులో 2 శాతం జీఎస్టీ టీడీఎస్, అంటే ముందే కోసుకునే పన్ను, పట్టుకుంటారు. అది ఎక్కడికీ పోదు గానీ దానంతటదే రాదు, జీఎస్టీ పోర్టల్‌లోకి వెళ్లి మీరు యాక్సెప్ట్ నొక్కి ఫైల్ చేస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లో (జీఎస్టీ కట్టుకోడానికి పోర్టల్‌లో ఉండే మీ ఖాతాలో) పడుతుంది. నాది ఎనిమిది నెలలు అలాగే పడి ఉంది.