వాసన నరాల గ్లియల్ కణాలు పెంచడం: ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ల కోసం

జనగామ దగ్గర మా ఊళ్లో మేనమామ మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడి, నడుము కింద స్పర్శ పోయి మంచాన పడ్డాడు, అప్పటి నుంచి నాకు ఈ గ్లియల్ కణాల (నరాలకు ఆసరాగా ఉండే కణాలు) మీదే ధ్యాస. ముక్కులో వాసన నరాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి, వాటిని చుట్టుకుని మెదడు దాకా దారి చూపేవి ఇవే. అందుకే దెబ్బతిన్న వెన్నుపాముకు ఇవి పనికొస్తాయేమోనని చూస్తున్నారు.

ముందు జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. ఎలుక ఆల్‌ఫ్యాక్టరీ బల్బు (మెదడులో వాసన నరాలు చేరే భాగం) పై పొరలు తీసి, సన్నగా తరిగి, ట్రిప్సిన్ అనే ఎంజైమ్‌తో కణాలను విడదీసి, 10% సీరం కలిపిన మీడియంలో (కణాలు పెరిగే పోషక ద్రవం) వేయండి.

అసలు కష్టం వడపోతలో ఉంది. మామూలు ఫ్లాస్క్‌లో 18 గంటలు ఉంచితే ఫైబ్రోబ్లాస్టులు (మనకు అక్కర్లేని బంధన కణజాల కణాలు) అడుక్కి అంటుకుంటాయి. తేలుతున్నవాటిని ఇంకో ఫ్లాస్క్‌లోకి మార్చి 36 గంటలు ఆగితే ఆస్ట్రోసైట్లు (మెదడులోని ఇంకో రకం గ్లియల్ కణాలు) కూడా చాలావరకు అడుక్కి అంటుకుని పోతాయి. ఇంకా తేలుతూ మిగిలినవాటిని పాలీలైసిన్ (కణాలు అంటుకునేలా చేసే పూత) పూసిన ప్లేట్‌లో, 37 డిగ్రీలు, 5% కార్బన్ డయాక్సైడ్‌లో పెంచండి. మైక్రోస్కోప్‌లో రెండు కొనలూ సాగిన కదురులా సన్నగా కనిపించాలి, వెడల్పుగా పరుచుకున్నవి ఎక్కువైతే మళ్లీ మొదటికే. పీ75 (ఈ కణాలను గుర్తుపట్టే ప్రోటీన్) స్టెయిన్ వేయకుండా మాత్రం నమ్మొద్దు.

వరంగల్ ఎండల్లో కరెంటు పోతే ఇంక్యుబేటర్ ఆగుతుంది, ఇన్వర్టర్ తప్పనిసరి.

వీటిని మనుషులకు ఎక్కించడం ఇంకా ప్రయోగదశే. పోలండ్‌లో 2012లో వెన్నుపాము దెబ్బతిన్న ఒకరికి కాలి నరం ముక్కలతో కలిపి ఎక్కించారు, కొంత కదలిక వచ్చిందని 2014లో ప్రకటించారు. ఎవరైనా డబ్బు కట్టించుకుని ఎక్కిస్తామంటే సీటీఆర్‌ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి.