ఆయిల్ ప్రెషర్ పాఠాలు – 4: వేడెక్కాక చూసిన అంకే లెక్క

గత పాఠంలో ఆయిల్ ప్రెషర్ స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, రీడింగ్ రాసి పంపమన్నాను. ఈసారి ఆయిల్ పంపు విప్పి గేర్ల సందులు కొలవడం నేర్పాలన్నది నా ప్లాన్. మీరు పంపిన రీడింగులు చూశాక దాన్ని పక్కన పెట్టేశాను. ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ నడుస్తున్నప్పుడు, ఒకరికి 50, ఇంకొకరికి 55, మరొకరికి 62 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత)! రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి, బండి ఆగిన ప్రతిసారీ ఆయిల్ లైటు మిణుకుమనే ఇంజన్‌కి 62 ఎలా వస్తుంది? పొద్దున్నే స్టార్ట్ చేసి, రెండు నిమిషాల్లో ఫొటో తీసి, బానెట్ మూసేస్తే వస్తుంది.

దానికి ముందు గేజ్ దగ్గర ఆయిల్ కారుతోందన్నవాళ్లకు ఒక మాట. మీ దగ్గరున్న అడాప్టర్ థ్రెడ్ వేరు, ఇంజన్ బ్లాక్‌లో ఉన్న థ్రెడ్ వేరు. పైపు థ్రెడ్లలో రెండు రకాలున్నాయి: 1/8 బీఎస్‌పీటీకి అంగుళానికి 28 చుట్లు, 1/8 ఎన్‌పీటీకి 27. చూడ్డానికి రెండూ ఒకటే. చేత్తో తిప్పితే రెండు మూడు చుట్లు హాయిగా ఎక్కుతాయి, తర్వాత బిగుసుకుంటాయి. అక్కడ స్పానర్ పెట్టి బలవంతం చేస్తే పాడయ్యేది అడాప్టర్ కాదు, బ్లాక్. విప్పిన స్విచ్‌నూ అడాప్టర్‌నూ పక్కపక్కన పెట్టి, ఒకదాని పళ్లలో ఇంకోదాని పళ్లు కూర్చోబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. మధ్యలో ఎక్కడైనా వెలుతురు సన్నగా తొంగిచూస్తే అది మీ థ్రెడ్ కాదు. టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు థ్రెడ్ కొన దగ్గర మొదటి రెండు చుట్లు వదిలేయండి. టేపు ముక్క తెగి ఆయిల్ దారిలోకి పోతే కొత్త రోగం మొదలవుతుంది.

ఇక అసలు సంగతి. "ఇంజన్ వేడెక్కాకే చూశాను, డాష్‌బోర్డులో ముల్లు సగానికి వచ్చింది" అని చాలామంది రాశారు. ఆ ముల్లు చెప్పేది కూలెంట్ వేడి, ఆయిల్ వేడి కాదు. ఈ ఒక్క పొరపాటు వల్లే బాగున్న పంపులు మార్చేస్తున్నారు, అరిగిన బేరింగులతో ధీమాగా తిరుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

కూలెంట్ త్వరగా వేడెక్కుతుంది, ఎందుకంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ లోపలే తిరుగుతుంది. ఆయిల్ మాత్రం మళ్లీ మళ్లీ సంప్‌లోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి) జారి, కింద గాలికి చల్లబడుతూ ఉంటుంది. ముల్లు సగానికి వచ్చేసరికి ఆయిల్ ఇంకా 50, 60 డిగ్రీల దగ్గరే ఉండొచ్చు. మామూలు 5డబ్ల్యూ-30 ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర దాదాపు 60 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) పైన ఉంటుంది, 100 డిగ్రీల దగ్గర 10, 11కి పడిపోతుంది. అంటే ఆరో వంతు. చిక్కటి ఆయిల్ అరిగిన బేరింగ్ సందులోంచి కూడా తేలిగ్గా జారదు, అందుకే చల్లటి ఇంజన్ మీద గేజ్ ఎప్పుడూ బాగానే చూపిస్తుంది. అరుగుదల బయటపడేది ఆయిల్ పలచబడ్డాకే.

నిలబెట్టి ఐడ్లింగ్‌లో వదిలేసినా ఆయిల్ సరిగా వేడెక్కదు, లోడ్ ఉండాలి. కనీసం అరగంట రోడ్డు మీద నడపండి. నా పద్ధతి ఇంకొంచెం పట్టింపుగా ఉంటుంది. మల్టీమీటర్‌తో వచ్చే కె-టైప్ థర్మోకపుల్ వైరును (వేడి కొలిచే వైరు) డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే కడ్డీ, పక్కన పెట్టి, డిప్‌స్టిక్ పొడవు దగ్గర టేపు చుట్టుకుంటాను. బండి ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, డిప్‌స్టిక్ గొట్టంలోకి ఆ టేపు గుర్తు దాకా దించుతాను. అంతకంటే లోపలికి పోనివ్వొద్దు, ఇంజన్ స్టార్ట్ చేసే ముందు తప్పకుండా బయటికి తీయండి. 90 డిగ్రీలు దాటితేనే నేను ఆ రీడింగును రీడింగ్ అంటాను.

62 పంపినాయన్ని ఇలాగే మళ్లీ చూడమన్నాను. ఆయిల్ 95 డిగ్రీల దగ్గర ఐడ్లింగ్‌లో 6, 3000 ఆర్‌పీఎం దగ్గర 34. ఇప్పుడు ఇది మాట్లాడుతున్న అంకె. ఐడ్లింగ్‌లో పడిపోయి, ఆర్‌పీఎంతో పాటు పెరిగితే అనుమానించాల్సినవి మూడు: పలచబడ్డ ఆయిల్, అరిగిన బేరింగులు, అరిగిన పంపు. నేను ఎప్పుడూ ఆయిల్‌తోనే మొదలుపెడతాను, దానికి ఏమీ విప్పక్కర్లేదు కాబట్టి. ఆయన డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పోసినప్పటి కంటే పైకొచ్చి ఉంది, వాసన చూస్తే పెట్రోల్. కారుతున్న ఇంజెక్టర్ నుంచి పెట్రోల్ సంప్‌లోకి చేరుతోంది. ఆయిల్, ఫిల్టర్ మార్చి అదే రోడ్డు మీద, అదే వేడి దగ్గర చూస్తే ఐడ్లింగ్‌లో 13. ఇంజెక్టర్ సంగతి చూడాలి కానీ, ఇంజన్ దించక్కర్లేదు.

ఇంకొకరి రీడింగ్ దీనికి పూర్తిగా తలకిందులు. వేడి మీద ఐడ్లింగ్‌లో బాగుంది, 3000 దగ్గర పట్టి ఉంచితే ముల్లు మెల్లగా కిందికి జారుతోంది. కాసేపు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలైపోతుంది. ఇది బేరింగ్ లక్షణం కాదు. సంప్ అడుగున, పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే స్ట్రెయినర్ జాలీకి మడ్డి పట్టింది, పంపు అడిగినంత ఆయిల్ అందడం లేదు. ఇంజన్ ఆపగానే పీల్పు ఆగి మడ్డి కొంత విడిపోతుంది, అందుకే ఆ తాత్కాలిక ఉపశమనం. ఇలాంటప్పుడు మాత్రం సంప్ విప్పడానికి వెనకాడొద్దు. ఇంతకుముందు ఎవరైనా సంప్‌కి సీలెంట్ ధారాళంగా పూసి ఉంటే, దాని తెగిన ముక్కలు కూడా ఆ జాలీ మీదే దొరుకుతాయి.

చలిలోనూ వేడిలోనూ, ఏ ఆర్‌పీఎం దగ్గరైనా తక్కువే ఉంటే మొదట రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే వాల్వ్) తెరుచుకుని ఇరుక్కుందేమో చూడాలి. ముల్లు అదే పనిగా వణుకుతుంటే ఆయిల్‌లో గాలి కలుస్తోంది: మట్టం తక్కువ, లేదా స్ట్రెయినర్ గొట్టం ఓ-రింగ్ (రబ్బరు సీలు) గట్టిపడింది, లేదా ఆయిల్ మరీ ఎక్కువ పోస్తే క్రాంక్ దాన్ని చిలికేస్తోంది.

చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోదా అని అడిగినవాళ్లు ఈ లెక్క చూడండి. బేరింగ్ సందులోంచి కారే ఆయిల్ ఆ సందు ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. 0.04 మిల్లీమీటర్ల సందు 0.06 అయితే పెరిగింది ఒకటిన్నర రెట్లే, కారే ఆయిల్ మాత్రం మూడు రెట్లు దాటిపోతుంది. 30 గ్రేడ్ తీసి 40 పోస్తే చిక్కదనం పెరిగేది దాదాపు మూడో వంతు. పంపు ఇచ్చేది ప్రవాహమే, ప్రెషర్ ఆ సందుల అడ్డు వల్ల పుడుతుంది. అందుకే మీలో ఏమీ కొలవకుండా కొత్త పంపు వేసిన ఒకాయనకు వేడి మీద ముల్లు పెద్దగా కదల్లేదు. మాన్యువల్ ఒప్పుకున్న గ్రేడుల్లో చిక్కటిది పోస్తే నేను కాదనను. దాన్ని రిపేర్ అనుకోవద్దంటాను, అంతే.

ఎంతుంటే సరి అంటే మీ మాన్యువల్ అంకే ప్రమాణం. అది దొరక్కపోతే ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకి 10 పీఎస్‌ఐ అన్న పాత లెక్క వాడుకోండి. కంప్యూటర్ ప్రెషర్ తగ్గించి పెంచే కొత్త రకం పంపులకు ఈ లెక్క పనికిరాదు.

ఈసారి అభ్యాసం బరువైనదే. రాత్రంతా నిలిచిన బండి స్టార్ట్ చేసి, ముల్లు లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. తర్వాత ఆయిల్ 40, 60, 80, 95 డిగ్రీల దగ్గర, ప్రతి వేడికీ ఐడ్లింగ్‌లో, 2000లో, 3000లో రీడింగ్ తీయండి. మొత్తం పన్నెండు అంకెలు. 3000 దగ్గర ఒక నిమిషం పట్టి ఉంచి, ముల్లు నిలిచిందా జారిందా పక్కన రాయండి. మర్నాడు మళ్లీ చేసి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టండి. రెండూ పొంతన లేకుండా ఉంటే ఇంజన్ కంటే ముందు మీ కొలతను అనుమానించండి. పట్టికతో పాటు ఆయిల్ గ్రేడ్, అది పోసి ఎన్ని కిలోమీటర్లయిందో కూడా పంపండి.

వేడి మీద 5 పీఎస్‌ఐ కంటే దిగినా, అడుగు నుంచి టకటకమని కొడుతున్న శబ్దం వచ్చినా అక్కడే ఇంజన్ ఆపేయండి. అలాంటివాళ్లకు ఈ పట్టిక అక్కర్లేదు. పాత ఫిల్టర్‌ను మాత్రం పారేయకుండా దాచండి, వచ్చే పాఠంలో దాన్ని కోసి మడతల్లో ఏ రంగు రజను ఉందో చూద్దాం.