టర్బో బండి మిస్ కొడుతోందా? ఎర్ర కాయిల్స్ కొనే ముందు ఒక గంట వెచ్చించండి

థర్డ్ గేరులో ఉన్నారు, ముందున్న లారీని దాటుదామని యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారు, సరిగ్గా టర్బో అందుకునే చోట బండి వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు కుదుపులు మొదలుపెట్టింది, మీటర్లో పసుపు ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంది. కాలు తీసేస్తే మళ్లీ మామూలే, ట్రాఫిక్‌లో మెల్లగా నడిపితే అసలు జబ్బే లేనట్టు ఉంటుంది. దీన్నే షెడ్లో 'మిస్సింగ్' అంటారు, అంటే ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు సరిగా కాలడం లేదని. పది మందిలో ఎనిమిది మంది 'కాయిల్ పోయింది, నాలుగూ మార్చేయండి' అని చెప్పేస్తారు. కాయిల్ అంటే బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచి స్పార్క్ ప్లగ్గుకి అందించే భాగం. కాయిల్ అయ్యుండొచ్చు, కాదనను. కానీ చూడకుండా నాలుగు కొనేయడం దండగ.

నేను ఇక్కడ స్కోడా లారా, పాత సూపర్బ్‌లలో వచ్చిన 1.8 టీఎస్ఐ ఇంజన్‌ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ఎందుకంటే నా చేతులు మసి అయింది ఆ ఇంజన్ మీదే. ప్లగ్గుకొక కాయిల్ ఉన్న ఏ టర్బో పెట్రోల్ బండికైనా పద్ధతి ఇదే, కొలతలు మాత్రం మీ బండివి చూసుకోండి.

ముందు ఒక మాట. లైటు వెలిగి ఉండటం వేరు, మిణుకుమనడం వేరు. మిణుకుమంటోందంటే కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో (షెడ్లో 'క్యాట్' అంటారు) కాలుతోందని అర్థం, అది కరిగిపోతే దాని ఖరీదు ముందు కాయిల్ ఖరీదు లెక్కలోకే రాదు. కాబట్టి 'ఇంకోసారి తొక్కి చూద్దాం' అనే సరదా వద్దు.

అసలు తొక్కినప్పుడే ఎందుకు మిస్ కొడుతుంది? ప్లగ్గు కొనల మధ్య సందులో గాలి ఎంత వత్తిడిగా ఉంటే నిప్పురవ్వ దూకడానికి అంత ఎక్కువ వోల్టేజీ కావాలి. టర్బో 1 బార్ బూస్ట్, అంటే అదనపు గాలి వత్తిడి, ఇస్తోందంటే సిలిండర్లోకి మామూలుకి దాదాపు రెట్టింపు గాలి కుక్కుతున్నట్టే. ఐడిల్‌లో సులువుగా దూకే రవ్వకి అక్కడ దాటడం కష్టమవుతుంది, దారి కుదరక కాయిల్ కింద ప్లగ్గుని కప్పే రబ్బరు బూటులోని చిన్న పగులు గుండానో, ప్లగ్గు పింగాణీ పక్క నుంచో జారిపోతుంది. పైగా సందు ఊరికే ఉండదు, కిలోమీటర్లు తిరిగేకొద్దీ కొన అరిగి పెరుగుతూ ఉంటుంది. మీరు స్టేజ్ 1 రీమ్యాప్, అంటే ఇంజన్ కంప్యూటర్ (ఈసీయూ) సాఫ్ట్‌వేర్ మార్పు, చేయించి బూస్ట్ పెంచారనుకోండి, నిన్నటిదాకా సరిపోయిన ప్లగ్గు ఈ రోజు సరిపోదు. రీమ్యాప్ చేయించిన వారానికే 'కాయిల్స్ పోయాయి' అని బాధపడేవాళ్లలో చాలామందికి పోయింది కాయిల్స్ కాదు, ప్లగ్గు సందు.

అందుకే మొదట ప్లగ్గులు. ఇంజన్ పూర్తిగా చల్లారాక మాత్రమే తీయండి, హెడ్ అల్యూమినియంది, వేడి మీద తీస్తే మర ఊడొస్తుంది. 16 మి.మీ. ప్లగ్ సాకెట్, లోపల అయస్కాంతం ఉన్నదైతే మేలు. ఈ ఇంజన్‌కి కంపెనీ వేసే ఎన్‌జీకే ప్లగ్గు సందు 0.8 మి.మీ.; మ్యాప్ మార్చిన బండికి 0.7కి తగ్గిస్తే చాలాసార్లు జబ్బు అక్కడితోనే పోతుంది, బూస్ట్ బాగా పెంచితే 0.6 దాకా వెళ్లేవాళ్లూ ఉన్నారు. తగ్గించేటప్పుడు పక్క కొనని మాత్రమే మెల్లగా వంచండి, మధ్యలో ఉండే సన్నటి కొన మీద ఏ పరికరమూ ఆనించొద్దు, విరిగితే సిలిండర్లోకే. నేనొకసారి కొత్త ప్లగ్గుని గచ్చు మీద జారవిడిచి, పైకి బాగానే ఉందిలే అని బిగించేశాను. సందు పూర్తిగా మూసుకుపోయిందని తెలుసుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పట్టింది, ఈలోపు అనుమానించింది మాత్రం పాపం కాయిల్‌ని. బిగింపు 30 న్యూటన్ మీటర్లు, మరకి గ్రీజు గట్రా పూయకుండా.

ప్లగ్గుల తర్వాత స్కానర్, అంటే బండి కంప్యూటర్లో నమోదైన తప్పుల కోడ్‌లు చదివే పరికరం. చౌకది చాలు, కోడ్ చదవగలిగితే సరిపోతుంది. పీ0301 నుంచి పీ0304 దాకా వస్తే ఫలానా సిలిండర్ మిస్ కొడుతోందని, పీ0300 అంటే అక్కడా ఇక్కడా అని, పీ0351 నుంచి పీ0354 అయితే ఆ కాయిల్ కరెంటు దారిలోనే తేడా ఉందని. ఇందులో ఏదీ 'కాయిల్ మార్చు' అని చెప్పదు, గమనించండి. మన రైట్ హ్యాండ్ బండిలో డ్రైవర్ వైపు ఉన్నది ఒకటో సిలిండర్, బ్యాటరీ వైపు ఉన్నది నాలుగోది.

ఇప్పుడు పైసా ఖర్చు లేని పరీక్ష. కోడ్ పీ0302 అనుకుందాం. రెండో కాయిల్‌ని తీసి నాలుగులో పెట్టండి, నాలుగుది రెండులోకి. అదే పనిలో రెండో ప్లగ్గుని మూడులోకి, మూడుది రెండులోకి మార్చండి. కోడ్ చెరిపేసి, కుదుపు వచ్చేదాకా కాస్త నడపండి. ఈసారి పీ0304 వస్తే కాయిల్ దోషి, పీ0303 వస్తే ప్లగ్గు, కదలకుండా పీ0302 దగ్గరే కూర్చుంటే రెండూ నిర్దోషులు. అప్పుడు ఇంజెక్టరో, వైరింగో, కంప్రెషనో చూడాలి. ఒక్కసారి తిప్పడంలో మూడు ప్రశ్నలకి జవాబు.

కొంతమంది మెకానిక్‌లు ఇంజన్ ఆన్‌లో ఉండగానే ఒక్కొక్క కాయిల్ పీకి శబ్దం విని చెబుతారు. చెవి పదునైనవాళ్లకి తెలుస్తుంది నిజమే, కానీ ముప్పై వేల వోల్టుల వస్తువుతో ఆట అది, పైగా ఆ సిలిండర్ పెట్రోలంతా క్యాట్‌లోకే. మల్టీమీటర్ పెట్టి ఓమ్స్ కొలిచేవాళ్లూ ఉన్నారు. ఈ బండ్ల కాయిల్‌కి నాలుగు పిన్నులు ఉంటాయి, స్విచ్ చేసే సర్క్యూట్ లోపలే ఉంటుంది, కాబట్టి మీటర్ చూపించే అంకెకి అర్థం లేదు. మీటర్ పనికొచ్చేది కనెక్టర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా, ఎర్త్ బాగుందా అని చూడటానికి. ముసలి బ్యాటరీతో కూడా కాయిల్ నీరసపడుతుంది, ఇది చాలామంది మర్చిపోతారు.

మిస్ ఎప్పుడు కొడుతోందన్నది కూడా చాలా చెబుతుంది. ఇంజన్ వేడెక్కాక, తొక్కినప్పుడు మాత్రమే అయితే కాయిల్, ప్లగ్గు వైపు చూడండి. పొద్దున్నే స్టార్ట్ చేసిన ఒక నిమిషం గడగడలాడి తర్వాత సర్దుకుంటే, పెట్రోలు నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఈ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పేరుకున్న మసిని అనుమానించాలి, దానికి ఎన్ని కాయిల్స్ మార్చినా ప్రయోజనం లేదు. బండి కడిగించిన సాయంత్రమే మొదలైతే ప్లగ్గు గుంతలో నీళ్లు. బానెట్ లేపి ప్రెషర్ పంపు కొట్టించే అలవాటు ఉంటే మానేయండి. గుంతలో ఆయిల్ కనబడితే పైన కవర్ లీకవుతోంది, ముందు దాన్ని ఆపకపోతే కొత్త కాయిల్ బూటు కూడా ఆయిల్‌కి ఉబ్బి పాడవుతుంది.

ఇక అప్‌గ్రేడ్ సంగతి. ఆడి ఆర్8 కోసం చేసిన ఎర్ర టోపీ కాయిల్, పార్టు నంబరు 06ఈ 905 115 ఈ, ఈ తరం 1.8, 2.0 టీఎస్ఐలలో నేరుగా కూర్చుంటుంది, అడాప్టర్లు అక్కర్లేదు. అంతకు ముందటి 20 వాల్వుల 1.8 టర్బోకి అయితే అడాప్టర్లు కావాలి. ఆ పాత కాయిల్స్‌ది పెద్ద కథే, 2001-2003 మోడళ్లకి అమెరికాలో కంపెనీయే ముందుకొచ్చి మార్చాల్సి వచ్చింది, ఎర్ర కాయిల్ మోజుకి మూలం అక్కడే ఉందని నా అనుమానం.

అయితే ఎర్రవి వేస్తే పికప్ పెరుగుతుందా? పెరగదు. కాయిల్ ఎంత పెద్దదైనా సందు దూకడానికి ఎంత వోల్టేజీ కావాలో అక్కడిదాకే పెరుగుతుంది, రవ్వ దూకగానే ఆగిపోతుంది. అసలు కాయిల్ ఆ సందుని దాటించగలుగుతున్నప్పుడు ఇంకా బలమైనది పెట్టి లాభం లేదు. బూస్ట్ బాగా పెంచి, కొత్త ప్లగ్గులు సరైన సందుతో వేసి, అప్పటికీ ఎక్కువ బూస్ట్ దగ్గర మిస్ కొడుతుంటేనే అప్‌గ్రేడ్‌కి అర్థం. లేదా పాతవి ఎలాగూ మార్చాలి, ఇవీ అదే ధరకి దొరుకుతున్నాయి అంటే వేసుకోండి, అందంగా కూడా ఉంటాయి. 6000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో కాయిల్ సెకనుకి 50 సార్లు రవ్వ ఇవ్వాలి, ప్రతిసారీ కరెంటు నిండడానికి దొరికేది కొన్ని మిల్లీసెకన్లే, ఆ సమయం ఎంతో ఈసీయూలో అసలు కాయిల్‌ని బట్టి రాసి ఉంటుంది. ఊరూ పేరూ లేని 'రేసింగ్' కాయిల్ ఆ లెక్కకి సరిపోకపోతే సగమే నిండుతుంది, లేదా ఎక్కువ నిండి వేడెక్కి చస్తుంది. నేను ఆన్‌లైన్‌లో సగం ధరకి దొరికాయని తెప్పించుకున్న ఎర్రవి రెండు నెలలు కూడా రాలేదు, విప్పి చూస్తే బూటులో స్ప్రింగు కూడా తిన్నగా లేదు.

బిగించేటప్పుడు జాగ్రత్త కాయిల్ కన్నా కనెక్టర్‌కే ఎక్కువ కావాలి. ఏళ్ల తరబడి వేడికి ఆ ప్లాస్టిక్ లాకులు అప్పడాల్లా అయిపోయి ఉంటాయి. ముందు కాయిల్‌ని పుల్లర్‌తో (కాయిల్ తలని పట్టి పైకి లాగే పరికరం) కాస్త పైకి లేపి, తర్వాత లాకు నొక్కి కనెక్టర్ వెనక్కి జరపండి, వైరు పట్టుకుని మాత్రం లాగొద్దు. తర్వాత వచ్చిన మూడో తరం టీఎస్ఐ ఇంజన్లలో ఒక్కో కాయిల్‌కి ఒక బోల్టు కూడా ఉంటుంది, 10 న్యూటన్ మీటర్లు చాలు. బూటు అంచు లోపల డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) సన్నగా రాయండి, స్ప్రింగుకి పూయొద్దు. కాయిల్‌ని నిటారుగా దించి, ప్లగ్గు తల మీద 'టక్' మని కూర్చునేదాకా నొక్కండి.

పాతవాటిలో బాగున్న ఒక కాయిల్‌నీ, పుల్లర్‌నీ, సాకెట్‌నీ డిక్కీలో ఒక గుడ్డలో చుట్టి పెట్టుకోండి. పోయినేడు సూర్యాపేట దాటాక రాత్రి పూట నాకు అదే అక్కరకొచ్చింది, ఫోన్ లైటులో పది నిమిషాల పని.